వాగ్దానం కార్డు మీద లేని పదో వచనం

డిసెంబర్ 31 రాత్రి పన్నెండు దాటాక మన చర్చిల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. కొత్త సంవత్సరం ప్రార్థన అయిపోతుంది, ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకుంటారు, తర్వాత పాస్టరుగారు పళ్ళెంలో వాగ్దానం కార్డులు, అంటే ఒక్కోదాని మీద ఒక్కో బైబిలు వచనం అచ్చేసినవి, పరిచి నిలబడతారు, అందరూ వరసలో వెళ్ళి కళ్ళు మూసుకుని ఒకటి తీసుకుంటారు. కొన్నేళ్ళ కిందట మా పెద్దమ్మ చేతికి యిర్మీయా 29:11 వచ్చింది. "నేను మిమ్మునుగూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును, రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." పెదనాన్న అప్పటికే వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్తున్నాడు. ఆ కార్డు చదివి పెద్దమ్మ అక్కడే ఏడ్చేసింది. ఆ రాత్రి సందేశం కూడా ఆ వచనం మీదే. "ఈ సంవత్సరం మీ ఇంటికి ఏ హానీ రాదు, ఈ మాట స్వతంత్రించుకోండి, ఆమేన్ చెప్పండి" అని మూడుసార్లు చెప్పించారు. అందరితో పాటు ఆమె కూడా గట్టిగా చెప్పింది.

ఆగస్టులో పెదనాన్న పోయాడు.

మనిషి పోయిన దుఃఖం ఎలాగూ ఉంటుంది. దాని మీద ఇంకో బరువు వచ్చి పడింది. "దేవుడు మాట ఇచ్చాడు కదరా, మరి నా విశ్వాసంలో లోపం ఎక్కడుంది?" అని నెలల తరబడి కనిపించిన ప్రతి ఒక్కరినీ అడిగింది. ఆమెను ఎవరూ కావాలని మోసం చేయలేదు. ఆ పాస్టరుగారు మంచి మనిషి, డయాలసిస్‌కి పెదనాన్నను తన బండి మీద తీసుకెళ్ళిన రోజులున్నాయి. కానీ ఆ వాక్యం ఎవరికి రాశారో, ఎప్పుడు రాశారో, దాని ముందూ వెనకా ఏముందో ఆ రాత్రి ఎవరూ చెప్పలేదు. వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు చెప్పడం అంత పెద్ద విషయమా, ఏదో ఒకటి చెప్పి ధైర్యపరిస్తే చాలదా అని అడిగేవాళ్ళకి నేను ముందు చెప్పేది ఈ సంగతే.

అసలు ఆ వచనం ఒక ఉత్తరంలోది. క్రీస్తుపూర్వం 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము మీద పడి యెకొన్యా రాజును, రాజమాతను, అధికారులను, శిల్పకారులను, కంసాలులను చెరపట్టుకుపోయాడు. ఊరుకాని ఊళ్ళో, భాష రాని చోట, ఇవాళ వెళ్ళిపోతాం రేపు వెళ్ళిపోతాం అని మూటలు విప్పకుండా కూర్చున్న జనం వాళ్ళు. యెరూషలేములో మిగిలిన యిర్మీయా ప్రవక్త వాళ్ళకి ఉత్తరం రాశాడు. అందులో మొదటి మాటే వాళ్ళ గుండె మీద దెబ్బలాంటిది: ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకుని వాటి పండ్లు తినండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, పిల్లల పెళ్ళిళ్ళు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం బాగుండాలని ప్రార్థన చేయండి. అంటే, ఇప్పట్లో రావడం లేదు, అక్కడే బతకండి అని. ఆ తర్వాత పదో వచనం వస్తుంది. బబులోనుకు డెబ్బై సంవత్సరాలు గడిచిన తరువాతనే మిమ్మల్ని తిరిగి రప్పిస్తాను అంటాడు దేవుడు. ఆ "తరువాతనే" అన్న మాట దాటాకే పదకొండో వచనం మొదలవుతుంది.

డెబ్బై ఏళ్ళు. ఆ ఉత్తరం చదివి వినిపిస్తుంటే అక్కడ కూర్చున్న నలభై ఏళ్ళ మనిషికి ఏం అర్థమై ఉంటుంది? నేను మళ్ళీ యెరూషలేము చూడను, ఇక్కడే చచ్చిపోతాను, నా మనవలు చూస్తారు. దేవుడి ఉద్దేశాలు సమాధానకరమైనవే, కాకపోతే అవి ఒక్కడి జీవితం కంటే, ఒక క్యాలెండర్ సంవత్సరం కంటే చాలా పొడవైనవి. అదీ ఆ వాగ్దానం. దాన్ని మనం పన్నెండు నెలలకి కుదించి, ఒక్కో ఇంటికి ఒక్కోటి పంచేశాం.

ఇక్కడ ఇంకొకటి కూడా గమనించాలి. ముందు అధ్యాయం, ఇరవై ఎనిమిదోది, తీసి చూడండి. అక్కడ హనన్యా అనే ప్రవక్త ఉంటాడు. దేవాలయంలో, యాజకుల ముందు, జనమంతా వింటుండగా నిలబడి "రెండేళ్ళలో అందరూ తిరిగి వచ్చేస్తారు" అని యెహోవా పేరు మీదే చెప్పాడు. బబులోనుకు లోబడాలనడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి విరగ్గొట్టి మరీ చూపించాడు. యిర్మీయా దానికి ముందు అన్న మాట నాకు ఎప్పుడు చదివినా కదిలిస్తుంది: అలాగే జరుగును గాక అన్నాడు. అలా జరగాలని అతనికీ ఉంది మరి. కానీ దేవుడు చెప్పింది అది కాదు. హనన్యా ఆ ఏడే, ఏడో నెలలో చనిపోయాడు. యెరూషలేము క్రీస్తుపూర్వం 586 ప్రాంతంలో కాలిపోయింది. ఇంతకీ నేను చెప్పేదేమిటంటే, యిర్మీయా 29:11ని తీసుకుని "ఈ ఏడాదే అంతా సర్దుకుంటుంది" అని మనం బోధించినప్పుడు, యిర్మీయా మాటలతో హనన్యా ప్రసంగం చేస్తున్నాం. వచనం ఈయనది, సందేశం ఆయనది.

మన తెలుగు బైబిలుతో ఇంకో చిక్కు ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అదే వచనంలో రెండు మాటలు చూడండి. "నిరీక్షణ" అంటే బయట వాడుకలో ఎదురుచూపు. బైబిల్లో అది ఆశ, నమ్మకంతో కూడిన ఆశ. "సమాధానం" అంటే బయట జవాబు. బైబిల్లో అది శాంతి, క్షేమం, హెబ్రీలో షాలోమ్ అనే మాట. పుట్టినప్పటి నుంచి చర్చిలో ఉన్నవాళ్ళకి ఈ తేడా ఒంటపట్టి ఉంటుంది. నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళకి, ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలకి ఉండదు. "దేవుడు సమాధానకర్త కాబట్టి నీ ప్రతి ప్రశ్నకూ ఆయన దగ్గర సమాధానం ఉంది" అని ప్రసంగం చెప్పగా నేను స్వయంగా విన్నాను. వినడానికి బాగానే ఉంది, అందరూ తలలూపారు కూడా. కానీ ఆ మాటకి ఆ అర్థం లేదు. "నీతి" కూడా అలాంటిదే. చిన్న పిల్లల కథ చివర చెప్పే నీతి వేరు, రోమా పత్రికలో పౌలు చెప్పే దేవుని నీతి వేరు. వాక్యం చెప్పేవాళ్ళు ముందు ఈ మాటల ముడి విప్పాలి. దానికి గ్రీకు, హెబ్రీ రావాలని లేదు. ఒకే మాట బైబిల్లో మిగతా చోట్ల ఎలా వాడారో ఓపిగ్గా చూస్తే చాలావరకు తెలిసిపోతుంది, పక్కన ఇంకో తెలుగు అనువాదం పెట్టుకుంటే ఇంకా తొందరగా తెలుస్తుంది.

నమ్మకంగా వాక్యం చెప్పడమంటే ఏమిటో బైబిలే ఒకచోట చేసి చూపించింది. నెహెమ్యా ఎనిమిదో అధ్యాయం. చెరలో నుంచి తిరిగి వచ్చిన జనం నీటి గుమ్మం దగ్గర మైదానంలో పోగయ్యారు. ధర్మశాస్త్రం నేర్పే ఎజ్రా కర్రతో చేసిన పీఠం ఎక్కి, ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివాడు. మందిర సేవ చేసే గోత్రంవాళ్ళైన లేవీయులు జనం మధ్యలో ఉండి వివరించారు. "దేవుని గ్రంథమును స్పష్టముగా చదివి వినిపించి జనులు బాగుగా గ్రహించునట్లు దానికి అర్థము చెప్పిరి." మొత్తం విషయం ఈ ఒక్క వాక్యంలో ఉంది: చదవాలి, అర్థం చెప్పాలి, జనానికి అర్థమవ్వాలి. అక్కడి జనం ముందు ఏడ్చారు, తర్వాత తిని తాగి సంబరం చేసుకున్నారు. ఎందుకంటే "తమకు చెప్పిన మాటలు అర్థమయ్యాయి కాబట్టి" అని పన్నెండో వచనం చెబుతుంది. సందర్భం, పూర్వాపరాలు అనేసరికి అదేదో ఎండిపోయిన పాఠం, ఆత్మ లేని చదువు అనుకునేవాళ్ళు ఈ అధ్యాయం ఒకసారి చూడాలి. ఇక్కడ ఏడుపూ సంతోషమూ రెండూ అర్థమయ్యాకే వచ్చాయి.

చాలామంది ఇక్కడ ఒక పొరపాటు పడతారు. వచనం తర్వాత వచనం చెప్పుకుంటూ పోతేనే నమ్మకమైన బోధ, ఒక అంశం తీసుకుని చెబితే కాదు అనుకుంటారు. పద్ధతి ముఖ్యం కాదు. ఓర్పు గురించి పది చోట్ల నుంచి వచనాలు తీసి చెప్పినా, ప్రతి వచనమూ తన చోట ఏం చెబుతుందో అదే ఇక్కడా చెబితే, అది మంచి బోధే. వరసగా యోహాను సువార్త మొత్తం చెప్పినా, ప్రతి వారం సొంత సంగతులే దూరిస్తే అది కాదు. ప్రసంగికుడు చెప్పాలనుకున్నదానికి వచనాన్ని వెతుక్కున్నాడా, వచనం చెప్పేదానికి తను లోబడ్డాడా, తేడా అంతా ఇక్కడే.

అలాగని వరసగా చెప్పే పద్ధతికి ఒక గొప్ప లాభం లేకపోలేదు. మనం తప్పించుకోవాలనుకునే భాగాలు కూడా మన దారికి అడ్డం వస్తాయి. 1519 జనవరి 1న, జూరిక్‌లో ఉల్రిచ్ జ్వింగ్లీ అనే సంఘ సంస్కర్త ఏ ఆదివారానికి ఏ భాగం అని ముందే నిర్ణయించిన పట్టిక పక్కన పెట్టి, మత్తయి సువార్త ఒకటో అధ్యాయం నుంచి వరసగా బోధించడం మొదలుపెట్టాడు. కొత్త సంవత్సరం రోజున వాగ్దానం పంచకుండా యేసు వంశావళితో మొదలుపెట్టిన మనిషి! అలాంటి ఇంకో సంస్కర్త జాన్ కాల్విన్‌ను 1538లో జెనీవా నుంచి వెళ్ళగొట్టారు, 1541లో మళ్ళీ పిలిపించుకున్నారు. ఆయన పీఠం ఎక్కి, నన్ను తరిమేశారే అని ఒక్క మాట అనకుండా, మూడేళ్ళ కిందట ఏ వచనం దగ్గర ఆపాడో దాని తర్వాతి వచనం నుంచి మొదలుపెట్టాడు. పీఠం తన కోపం తీర్చుకునే చోటు కాదని ఆయనకి తెలుసు. మన సంఘాల్లో కమిటీ గొడవ జరిగిన మరుసటి ఆదివారం ప్రసంగం ఎవరి మీద పేలుతుందో చూసినవాళ్ళకి ఈ సంగతి విలువ తెలుస్తుంది.

అధ్యాయాలు, వచనాల అంకెలు కూడా యిర్మీయా వేసినవి కావు, పౌలు వేసినవి కావు. ఇప్పుడున్న అధ్యాయాల విభజన 13వ శతాబ్దం మొదట్లో స్టీఫెన్ లాంగ్టన్ అనే ఇంగ్లండు ఆర్చిబిషప్ చేశాడంటారు. కొత్త నిబంధనకి మనం వాడే వచనాల అంకెలు 1551లో రాబర్ట్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు వేశాడు. వెతుక్కోవడానికి వీలుగా ఉంటుందని వేసిన అంకెలవి. మనం వాటిని పట్టుకుని ఉత్తరాన్ని ముక్కలు ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్కకి ఫ్రేము కట్టి గోడకి తగిలించాం. మీ నాన్న రాసిన ఉత్తరంలో మధ్యలో ఒక్క వాక్యం తీసి చదివి, మిగతాది పారేస్తారా?

"అన్నా, ఇదంతా బుర్రతో చేసే పని, ఆత్మ నడిపింపు ఉంటే ప్రిపరేషన్ ఎందుకు?" అని అడిగేవాళ్ళు నా స్నేహితుల్లోనే ఉన్నారు. వాళ్ళు రెండు వచనాలు చూపిస్తారు. ఒకటి కీర్తన 81:10, "నీ నోరు బాగుగా తెరువుము నేను దాని నింపెదను." ఆ కీర్తన చివరి దాకా చదవండి, దేవుడు నింపుతానన్నది ప్రసంగంతో కాదు. ఐగుప్తు నుంచి తెచ్చిన జనం తన మాట వింటే మంచి గోధుమలతో, కొండ తేనెతో తృప్తిపరుస్తాను అంటున్నాడు, పక్షి పిల్ల నోరు తెరిచినట్టు తెరవమంటున్నాడు. రెండోది మత్తయి 10:19, ఏం మాట్లాడాలా అని చింతపడకండి అనేది. అది పట్టుబడి అధికారుల ముందుకి, రాజుల ముందుకి ఈడ్చుకెళ్ళబడే శిష్యులకి చెప్పిన మాట. శనివారం రాత్రి పదింటి దాకా ఫోన్ చూసి ఆదివారం పొద్దున పీఠం ఎక్కేవాళ్ళకి కాదు. ఆ లేఖనాలను రాయించింది ఆత్మే అయినప్పుడు, వాటిని కూర్చుని ఓపిగ్గా చదవడం ఆత్మకి వ్యతిరేకం ఎలా అవుతుంది? యేసును శోధిస్తూ దేవాలయ శిఖరం మీద సాతాను కూడా వాక్యమే ఎత్తి చెప్పాడు, కీర్తన 91లోది. యేసు "మరియొకచోట వ్రాయబడియున్నది" అని వాక్యంతోనే సరిచేశాడు. వచనం నోట్లో ఉన్నంత మాత్రాన వాక్యం చెప్పినట్టు కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. మలాకీ 3:10, దశమభాగం (రాబడిలో పదో వంతు దేవునికి ఇవ్వడం) వచనం, మన చర్చిల్లో నోటికి రానివాళ్ళు ఉండరు. కానీ అదే అధ్యాయంలో అయిదో వచనం మీద ప్రసంగం మీరు ఎన్నిసార్లు విన్నారు? కూలివాళ్ళ కూలి విషయంలో వాళ్ళని బాధపెట్టేవాళ్ళ మీద, విధవరాళ్ళను, తండ్రిలేనివాళ్ళను అన్యాయం చేసేవాళ్ళ మీద దేవుడు సాక్షిగా నిలబడతాను అంటున్నాడు అక్కడ. పదో వచనంలో ఆహారం ఉండాలన్న ఆ మందిరపు నిధి లేవీయుల కోసం. ద్వితీయోపదేశకాండము 14 ప్రకారం మూడేళ్ళకోసారి దశమభాగం లేవీయులతో పాటు పరదేశులకి, తండ్రిలేనివాళ్ళకి, విధవరాళ్ళకి తిని తృప్తిపడేలా ఊళ్ళోనే ఉంచాలి. కాబట్టి మలాకీని నమ్మకంగా బోధించే పాస్టరుగారు కానుక అడగవచ్చు, తప్పులేదు, కానీ అయిదో వచనం దాటుకుంటూనే పదికి రావాలి. అప్పుడు సంఘంలో మేస్త్రీగా ఉన్న విశ్వాసి తన దగ్గర పనిచేసేవాళ్ళ కూలి లెక్క ఒకసారి చూసుకుంటాడు. సంఘం కూడా తన పుస్తకంలో విధవరాళ్ళ కోసం రాసిన వరస ఉందా లేదా చూసుకుంటుంది.

ఇదంతా చదివి పాస్టర్ల మీద విరుచుకుపడకండి. పల్లెటూళ్ళలో ఒక సేవకుడి వారం ఎలా ఉంటుందో తెలుసా? ఆదివారం రెండు ఊళ్ళలో ఆరాధన, మంగళవారం స్త్రీల కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, మధ్యలో గృహప్రవేశం, పుట్టినరోజు కూడిక, ఎవరైనా పోతే సమాధి కార్యక్రమం, మూడో రోజు కూటం. అన్నిచోట్లా కొత్త సందేశం కావాలి. జీతం ఉండదు, కానుక పళ్ళెంలో ఏం పడితే అదే. జనం సంతోషపడితేనే ఇల్లు గడిచే మనిషి, డెబ్బై ఏళ్ళు ఆగండి అని చెప్పాలంటే ఎంత ధైర్యం కావాలి! పైగా పక్క వీధిలో మైకు పెట్టి రెండేళ్ళలో అంతా అయిపోతుంది అని చెప్పేవాళ్ళు ఉన్నారు, ఫోన్‌లో అయితే ఇంకా ఎక్కువమంది ఉన్నారు. దురద చెవులు గురించి పౌలు తిమోతికి రాసింది మనకి గుర్తుండాలి (2 తిమోతి 4:3). అక్కడ తప్పు బోధకులతో మొదలవ్వలేదు, తమకు నచ్చిన బోధకులను పోగుచేసుకునే వినేవాళ్ళతో మొదలైంది.

చదువు లేకపోవడం వల్లే ఇలా అవుతోందని కొందరు అంటారు, దాన్ని నేను ఒప్పుకోను. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ నీళ్ళలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది అక్షరం రాని మాదిగ కుటుంబాలవాళ్ళు. వాళ్ళకంటే ముందు సువార్త ఊరూరా మోసుకెళ్ళినవాళ్ళలో తోళ్ళ వ్యాపారం చేసిన ఎర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్ళు ఉన్నారు. బడి చదువు లేనివాళ్ళు కూడా విని, కంఠతా పట్టి, పాటగా పాడుకుని, విన్నది విన్నట్టు ఇంకొకరికి చెప్పగలరు. మా ఊళ్ళో ముసలమ్మలు యోసేపు కథ చెబితే ఒక్క సంగతి పక్కకి పోయేది కాదు. అటు డిగ్రీలున్నవాళ్ళు కూడా వచనాన్ని మెలితిప్పగలరు. కావలసింది ముందు భయభక్తులు, ఇది నా మాట కాదు ఆయన మాట అన్న భయం. చదువు దానికి తోడైతే ఇంకా మంచిది, సేవకుడికి పుస్తకాలు కొనిపెట్టి, వారంలో ఒక పూట ఎవరూ తలుపు తట్టకుండా చదువుకోనిచ్చే సంఘం ఉంటే ఇంకా ఇంకా మంచిది.

మరి వినేవాళ్ళుగా మనమేం చేయాలి? అపొస్తలుల కార్యములు 17లో బెరయ అనే ఊరివాళ్ళు పౌలు చెప్పిందాన్ని కూడా "ఆలాగున్నవో లేవో అని" ప్రతిరోజూ లేఖనాలు తీసి చూశారు. దానికి వాళ్ళని ఘనులు అన్నారు, ఎదురు మాట్లాడేవాళ్ళు అనలేదు. నేను ఇంటికొచ్చాక ఒక చిన్న పని చేస్తాను. విన్న సందేశంలో నుంచి ఆ వచనాన్ని తీసేస్తే సందేశం ఇంకా నిలబడుతుందా అని చూస్తాను. నిలబడితే, అది ఆ వచనంలో నుంచి వచ్చింది కాదు. ముందు ఒక పది వచనాలు, వెనక ఒక పది వచనాలు చదువుతాను. అర్థం కాకపోతే పాస్టరుగారిని అడుగుతాను. అందరి ముందు కాదు, ఫోన్‌లో మెసేజ్ పెట్టీ కాదు, ఇంటికెళ్ళి కూర్చుని, "అయ్యగారూ, ఈ భాగం ఇంకొంచెం చెప్తారా?" అని. ఎక్కువమంది సంతోషంగా చెబుతారు. ఒకరిద్దరు నొచ్చుకుంటారు. నొచ్చుకున్నా అడగాలి, ఎందుకంటే ఆ మాట మీద ఆధారపడి ఎవరో ఒకరు మాత్రలు మానేస్తారు, ఎవరో అప్పు చేసి కానుక ఇస్తారు, ఎవరో మా పెద్దమ్మలా తన విశ్వాసంలోనే లోపం వెతుక్కుంటారు.

పెదనాన్న పోయిన మరుసటి ఏడు, ఒక మధ్యాహ్నం, పెద్దమ్మ మళ్ళీ అదే ప్రశ్న అడిగినప్పుడు, నేను జవాబు చెప్పకుండా యిర్మీయా 29 మొదటి నుంచి నెమ్మదిగా చదివాను. డెబ్బై ఏళ్ళ దగ్గర నన్ను ఆపింది. "అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళంతా చూడకుండానే పోయారా?" అంది. అవును పెద్దమ్మా అన్నాను. "మరి వాళ్ళకి విశ్వాసం లేకనా?" కాదు అన్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మళ్ళీ చదువు, ఆ తోటలు నాటుకోమన్న కాడి నుంచి" అంది.

ఆ కార్డు ఇంకా ఆమె బైబిల్లోనే ఉంది. వెనకవైపు ఖాళీలో పెన్నుతో, వణుకుతున్న అక్షరాలతో, "5 నుంచి 14 దాకా" అని రాసుకుంది.